క్లియోపాత్ర యను నామము

క్లియోపాత్ర యనగానే విద్యార్థులలో పెక్కురు ఐగుప్తు రాణిని మాత్రమే తలంతురని మే మెరుగుదుము. కాని యిది ఐగుప్తు నామము కాదు. తండ్రికి కీర్తి యను నర్థముగల గ్రీకు నామము.

హోమరు రచించిన ఇలియడ్ కావ్యమున మెలియాగరను వీరుని భార్య పేరు క్లియోపాత్ర. శత్రువులు పట్టణమును ముట్టడింపగా, తల్లిపై నలిగి యింట నున్న భర్తను వేడుకొని యుద్ధమునకు పంపిన దామెయే.

మాసిడోనియా రాజగు ఫిలిప్పు కుమార్తెకును, అనగా అలెగ్జాండరు సోదరికిని, ఇదియే పేరు. క్రీ. పూ. 336లో ఆమె వివాహోత్సవమునందే ఫిలిప్పు హతు డయ్యెను. అలెగ్జాండరు అనంతరము ఐగుప్తు నేలిన టాలమీ వంశీయులును మాసిడోనియావారే గనుక ఈ నామము వారి రాణులకును వచ్చెను. క్రీ. పూ. 30లో మరణించిన ప్రసిద్ధ రాణిని ఏడవ క్లియోపాత్ర యందురు. షేక్స్పియరు నాటకమునకు నాయిక యీమెయే.

ఐగుప్తు చిత్రలిపి పెక్కు శతాబ్దములు ఎవరికిని తెలియకుండెను. ఫ్రెంచి పండితుడగు షాంపోలియన్ టాలమీ, క్లియోపాత్ర అను నామములయందు సమానముగా నున్న యక్షరములను పోల్చి, 1822లో దాని మర్మమును గ్రహించెను. అతనికి తోడ్పడిన శిలాస్తంభముపై నున్న క్లియోపాత్ర ప్రసిద్ధ రాణి గాదు. ఆ వంశమునందే పూర్వ మేలిన రాణి.

కావున విద్యార్థులారా, చరిత్రయందు పరిచిత నామము కనబడినంతనే తృప్తి నొందక, ఆ వ్యక్తి ఎవరి సంతానమో, ఏ కాలమునందుండెనో విచారింపుడు.