గేర్లు లేని బండికి గేర్ ఆయిల్

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికి పోయినా స్కూటీలు కనిపిస్తాయి. కంపెనీ ఏదైనా సరే, గేర్లు లేని బండిని మనం స్కూటీ అనే అంటాం. ఆశా అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు, సంఘం లెక్కలు రాసే అక్కలు దాని మీదనే తిరుగుతున్నారు.

"గేర్లే లేవు గదా, గేర్ ఆయిల్ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. గేర్లు ఉన్నాయక్కా. మనం కాలితో వేసే పని లేదు, అంతే.

పిండి గిర్నిలో పట్టా తిరగడం మీరు చూసే ఉంటారు. స్కూటీ ఎడమ పక్క డబ్బాలో కూడా అట్లాంటి రబ్బరు పట్టా ఉంటుంది. ముందొక చక్రం, వెనకొక చక్రం. వేగం పెరిగితే ముందు చక్రం రేకులు రెండూ దగ్గరికి వస్తాయి. పట్టా అంచు వైపు జరుగుతుంది. వెనక చక్రంలో పట్టా లోపలికి దిగుతుంది. గేరు మారినట్టే అయింది. ఈ పట్టా పొడిగా ఉండాలి. నూనె తగిలితే జారుతుంది.

పట్టా దాటినాక, వెనక టైరు పక్కన ఇంకో చిన్న డబ్బా ఉంది. అందులో ఇనుప పండ్ల చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుతాయి. వాటికి నూనె కావాలి. అదే గేర్ ఆయిల్. చాలా బండ్లలో 100 నుంచి 120 మిల్లీలీటర్లే ఉంటుంది. ఒక చాయ్ గ్లాసు! తక్కువ కాబట్టే ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు దీన్ని మరిచిపోతారు. అది కారిపోతే పండ్లు అరుగుతాయి. వెనక నుంచి మోత వస్తుంది. అట్లనే నడిపితే చక్రం నడితొవ్వలో పట్టేయవచ్చు. వెనక పిల్ల కూర్చొని ఉంటే ఏం గాను?

దీన్ని మార్చడానికి కంప్యూటర్ మిషన్ అక్కర లేదు. నంబర్లు చదవడం వస్తే చాలు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ నూనె, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అని ఉంటుంది. అది చదివి సీసా కొనండి. బోల్టుకు సరిపోయే పానా తీసుకోండి. పానా మీద నంబరు ఉంటుంది. 12 బోల్టుకు 13 పానా పెడితే మూలలు అరిగిపోతాయి.

ముందు బండిని అయిదు నిమిషాలు తిప్పండి. నూనె పలచబడుతుంది. చదును నేల మీద డబుల్ స్టాండు వేయండి. తాళంచెవి తీసేయండి. సైలెన్సర్ కాలుతుంది, జాగ్రత్త.

వెనక చక్రం డబ్బాకు రెండు బోల్టులు చూడండి. పైది పోసేది, కిందది వదిలేది. ఇంజన్ కింద ఇంకో బోల్టు ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. అది విప్పితే ఇంజన్ ఆయిల్ పోతుంది. గుర్తు తెలియకపోతే మొదటిసారి మెకానిక్‌ను అడిగి చూపించుకోండి. అడగడానికి సిగ్గెందుకు?

మొదలు పై బోల్టే విప్పాలి. ఎందుకంటే కిందది విప్పి నూనె వదిలేసినాక పైది రాకపోతే, బండి అక్కడే ఆగిపోతుంది. తర్వాత కింద గిన్నె పెట్టి కింది బోల్టు విప్పండి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి.

ఆ నూనెను వేళ్ల మధ్య రాసి చూడండి. నల్లగా, కొంచెం మెరుస్తూ ఉంటే మామూలే. ఇనుప ముక్కలు తగిలితే మెకానిక్ దగ్గరికి పోవాలి. పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. అట్లా వరదలో మునిగిన బండిని నడిపి చూడవద్దు. స్టార్టు కూడా చేయవద్దు. నూనెలన్నీ మార్పించినాకనే తాళం తిప్పాలి.

కింది బోల్టుకు కొత్త వాచర్ వేయండి. మొదట చేత్తో తిప్పండి, తర్వాత పానాతో బిగించండి. పానాను కాలితో తొక్కవద్దు. డబ్బా మెత్తటి లోహం, మర పోతుంది. ఇప్పుడు పై రంధ్రంలో నూనె పోయండి. చాలా బండ్లలో అంచుదాకా వచ్చిందంటే నిండినట్టే. కొన్నింటిలో కొలిచి పోయాలి. పుస్తకం ఎట్లా చెబితే అట్లా చేయండి. పై బోల్టు బిగించి, కొంచెం దూరం పోయి వచ్చి, కింద కారుతుందేమో చూడండి. టైరుకు నూనె అంటితే సబ్బుతో కడగాలి. లేకపోతే బండి జారుతుంది.

పాత నూనె మోరీలో పోయొద్దు, పశువుల పుండ్లకు రాయొద్దు. సీసాలో పోసి మెకానిక్ షాపులో ఇవ్వండి. వాళ్లు పాత నూనె కొనేవాళ్లకు ఇస్తారు.

గేర్లు వాటంతట అవే మారే కార్ల సంగతి వేరు. వాటి నూనెను సరైన వేడి మీద చూడాలి. దాన్ని షాపుకే వదిలేద్దాం.

రాయండి:
1. మీ ఇంట్లో లేదా పక్కింట్లో స్కూటీ మీటరు చూసి కిలోమీటర్లు రాయండి.
2. క్యాలెండర్‌లో ఈ రోజు గడిలో "గేర్ ఆయిల్" అని రాసి, పక్కన ఆ అంకె వేయండి.
3. ముందు ఏ బోల్టు విప్పాలి? ఎందుకు?