పగడాలకు మేత మెషీన్‌కు అప్పగించవచ్చా?

ప్రశ్న: ఇంట్లో రీఫ్ ట్యాంకు ఉంది. ఉద్యోగరీత్యా తరచూ ఊళ్లు తిరగాలి. పగడాల మేతకు ఆటోమేటిక్ ఏర్పాటు నమ్మదగినదేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: నమ్మవచ్చు, కానీ అన్ని పగడాలకూ కాదు. చాలావాటికి ఒంట్లోని సూక్ష్మ శైవలాలే వెలుతురుతో తిండి సమకూరుస్తాయి. వారం పాటు మేత పడకపోయినా వాటికేం కాదు. సన్ కోరల్ అనే పగడానికి ఆ వసతి లేదు, నోటికి అందించాల్సిందే. దాన్ని మెషీన్‌కు వదలకండి.

మిగతావాటి ద్రవ మేతకు డోసింగ్ పంపు చాలు. అసలు చిక్కు పంపుతో కాదు, సీసాతో. గది వేడికి మేత కుళ్లిపోతుంది. సీసాను చిన్న ఫ్రిజ్‌లో పెట్టి గొట్టం మాత్రమే బయటికి తీయండి. గొట్టంలో నిలిచిందీ పాడవుతుంది కాబట్టి అది పొట్టిగా ఉండాలి, తరచూ కడగాలి. మేత దీపాలు ఆరాక పడేలా చూడండి, చాలా పగడాలు అప్పుడే చేతులు చాస్తాయి. ఆ సమయంలో నీటిలోని మలినాలను తీసే స్కిమ్మర్ అరగంట ఆగాలి, లేదంటే సగం మేత అదే లాగేస్తుంది.

ప్రయాణానికి ముందు రెండు వారాలు మీ కళ్లెదుటే నడిపించి నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షించండి. పెరుగుతుంటే మోతాదు సగానికి తగ్గించండి.