బొంతలో ఉన్నవాళ్ళు

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామంటూ బండి వీధిలోకి వస్తే నా ప్రాణం ఊరుకోదు. గడప దగ్గర నిలబడి, ఏ ఇంట్లోంచి ఎవరి చీరలు బయటికి వస్తాయోనని చూస్తాను. పోయిన మనిషి కట్టిన నూలు చీరలు నాలుగు వెళ్తాయి, ఒక గిన్నె వస్తుంది. ప్రేమ లేక కాదు, ఆ చీరలతో ఏం చెయ్యాలో తోచక ఇచ్చేస్తారు. గద్వాలకు కోడలిగా వచ్చినప్పటి నుంచి చేత్తో బొంతలు కుడుతున్నదాన్ని. బీరువాలో తాళం వేసి దాచిన చీరకంటే, కుట్టి కప్పుకున్న చీరే మనిషిని మన దగ్గర ఉంచుతుందని నా నమ్మకం. నాకు తెలిసినంత చెబుతాను.

1. కత్తెర పట్టే ముందు చీరను వెలుతురుకు ఎత్తి చూడండి

నేలకు రాసుకునే అంచు అందరి చీరల్లోనూ పోతుంది. మిగతా అరుగుదల మనిషిని బట్టి ఉంటుంది. మా అమ్మ చీరలన్నీ కుడి నడుం మీదికి వచ్చే చోట పోగులు లెక్కపెట్టేంత పలచబడ్డాయి. అమ్మది ఎడమచేతి వాటం. బావి నుంచి నీళ్ళ బిందె కుడి చంకన పెట్టుకుని, ఎడమ చేత్తో నన్ను పట్టుకుని నడిచేది. అత్తమ్మ చీరల్లో ముందుగా కొంగు మూల పోయేది. తాళంచెవులూ చిల్లర పైసలూ ఆ ముడిలోనే ఉండేవి. అలా పలచబడ్డ చోటు పనికిరాదని పారేయకండి. వెనక ఇంకో గుడ్డ వేసి, నిలబెట్టి కుట్టండి. చీర మొత్తంలో నాకు విలువైన జానెడు అదే.

2. ఏ గుడ్డ దేనికో తెలుసుకోండి

ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడుగు వస్తుంది. పన్నా నాలుగడుగులకు కాస్త తక్కువ. అంటే ఒక్క చీరతో ఒక మనిషికి సరిపోయే మూడు పొరల బొంత అవుతుంది. చలికాలానికి రెండు చీరలు, ఆరు పొరలు. అంతకు మించితే సూది దిగడం కష్టం, తడిపితే ఎత్తడం ఇంకా కష్టం.

మా గద్వాల చీరకు ఒక గుణం ఉంది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్ళు చిరిగిపోయినా అంచు నిలబడి ఉంటుంది. దాన్ని కోసి బొంత చుట్టూ పట్టీగా వేస్తాను. పట్టూ నూలూ నీళ్ళలో ఒకేలా కుంచించుకోవు కాబట్టి, అన్నిటినీ ఒకసారి తడిపి ఆరేశాకే కలపాలి. నైలాన్, పాలియెస్టర్ చీరలు చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి. అవి మీకు ఇష్టమైనవాళ్ళవైతే సంచులు కుట్టుకోండి, బొంతలో వేయకండి.

3. దారం గుడ్డకంటే గట్టిది కాకూడదు

పాలియెస్టర్ దారం తెగదు, పాత గుడ్డనే కోసేస్తుంది. నూలు దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. బెంగాల్లో కాంథా కుట్టే ఆడవాళ్ళు పాత చీరల అంచుల్లోంచి లాగిన పోగులతో కుట్టేవారు. గుడ్డకూ దారానికీ ఒకే వయసు. ఎంత తెలివైన పని! సూదికి మూరెడు దారం చాలు. పొడుగైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి దూరి దూరి నలిగిపోతుంది కూడా.

4. అంచు నుంచి నడిమికి రండి, ఒంటరిగా కుట్టకండి

నేల మీద పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాపు చెయ్యాలి. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవాండీ అనే బొంత కూడా అంచు నుంచే మొదలవుతుంది. వాళ్ళు నాలుగు మూలలా గుడ్డ మడిచి చిన్న పువ్వులు పెడతారు. అవి లేకపోతే కవాండీ పూర్తయినట్టు కాదు.

ఇలా కుడితే నలుగురూ నాలుగు వైపులా కూర్చోవచ్చు. ఒక ముక్క దగ్గర ఎవరిదో సూది ఆగుతుంది. “అవ్వా, ఈ ఎర్రగళ్ళది ఎవరిదే?” అది నారాయణపేట చీర. కట్టినామె మా అత్తమ్మకు అత్త. పురిట్లోనే పోయింది. ఆమె పేరు మా ఇంటి భూమి కాగితాల్లో ఎక్కడా లేదు. అటువంటివాళ్ళ పేర్లన్నీ నేను బొంత చుట్టూ కూర్చునే నేర్చుకున్నాను, నా కోడళ్ళకూ అక్కడే చెప్పాను.

5. పాత కుట్లు విప్పకండి

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపూర్ మునిగినప్పుడు మా పుట్టింట్లోకీ నీళ్ళు వచ్చాయి. పెళ్ళి ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. అమ్మ కుట్టిన బొంత మాత్రం బురదలోంచి బయటికి వచ్చింది.

ఇటువంటప్పుడు బురద ఆరకముందే పని మొదలుపెట్టాలి. సబ్బు వద్దు, రుద్దడం వద్దు. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి ముంచి తీయాలి. పిండకూడదు, తీగ మీద వేలాడదీయకూడదు. నీళ్ళు పట్టిన బొంత బరువుకు కుట్లు తెగిపోతాయి. నులక మంచం మీద పరిచి నీడన ఆరబెట్టాం. రంగు కొంత పోయింది, గుడ్డ నిలిచింది.

అమ్మకు చదువు రాదు. ఆమె రాసిన ముక్క ఒక్కటీ మా దగ్గర లేదు. కానీ మాసికల చుట్టూ వేసిన పైకుట్లు చూస్తే, మా అందరివీ ఒక వైపు వాలి ఉంటాయి, ఆమెవి ఎదురు వాలి ఉంటాయి. ఎడమచేతి కుట్లు. బొంత నిండా ఎన్ని చేతుల కుట్లున్నా, అమ్మవి ఏవో వేలు పెట్టి చూపగలను. అందుకే బొంత చిరిగితే పాత కుట్టు ఊడదీయకుండా పైన కొత్త మాసిక వేయమంటాను.

6. దాచేటప్పుడు గంజి వదిలించండి

గంజి ఉన్న గుడ్డను వెండి పురుగు వదలదు. నూలు గుడ్డలో చుట్టి, వస కొమ్ము పక్కన పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరితే జరీ నల్లబడుతుంది. పట్టు చీర ఎప్పుడూ ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే చీలుతుంది. అప్పుడప్పుడూ మడత మార్చాలి.

7. పసిబిడ్డకు పాత నూలే

మన పొత్తిళ్ళన్నీ పాత చీరలే కదా. అమెరికాలో ఉన్న మనవరాలికి బిడ్డ పుట్టబోతుంటే రెండు పొరల చిన్న బొంత కుట్టి పంపాను. ఏడాదిలోపు పిల్లల పడకలో దుప్పట్లు, బొంతలు వదులుగా ఉంచవద్దని అక్కడి డాక్టర్లు చెబుతారు. సరైన మాటే. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కన ఉండి, నేల మీద పరిచి బోర్లా వేయమన్నాను. వెనక వైపు చిన్న గుడ్డ పట్టీ మీద గొలుసు కుట్టుతో మూడు పేర్లు వేశాను. ఏ ముక్క ఎవరిదో కుట్టిన మనిషే రాసి పెట్టాలి. తరవాత అడగడానికి ఎవరూ మిగలరు.

8. పంచుకోవడానికి కొయ్యండి

అమ్మ పోయాక మిగిలిన పెళ్ళి చీర ఒక్కటే, ఆడపిల్లలం నలుగురం. ఒకరి దగ్గర ఉంచితే మిగతా ముగ్గురం చూడ్డానికి ఆ గడప ఎక్కాలి. అడ్డంగా కోశాం. అలా కోస్తే ప్రతి ముక్కకూ రెండు అంచులూ వస్తాయి. కొంగును విడిగా తీసి, నిలువునా నాలుగు పట్టీలు చేసుకున్నాం. పెద్దక్క తన ముక్కతో దేవుడి గూటికి తెర కుట్టింది. చిన్నక్క మనవరాలి పరికిణీకి అంచు వేసింది. నాది నేను రోజూ కప్పుకునే బొంత నడుమ ఉంది. చెల్లెలికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు. తొందరేమీ లేదన్నాను. కుట్టేదాకా మడత మార్చి మార్చి పెట్టమన్నాను.