వాడికే తేలనిది మీరెలా తేలుస్తారు?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. 18 ఏళ్లుగా కువైట్‌లో, అబ్బాసియాలో ఉంటున్నాం. మా పెద్దోడికి 20 ఏళ్లు, ఇక్కడే ప్రైవేటు కాలేజీలో రెండో సంవత్సరం. ఆర్నెల్లుగా సరిగా తినడు, తెల్లవార్లూ మేలుకునే ఉంటాడు. పోయిన నెల వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నేను మగపిల్లాణ్నో కాదో నాకే అర్థం కావట్లేదు" అని ఏడ్చాడు. భయమేసి వాళ్ల నాన్నకు చెప్పేశాను. ఆయన ఫోన్ లాక్కున్నారు. ఊరికి పంపి మా అత్తగారి దగ్గర పెట్టి, నాటు మందు ఇప్పించి, ఏడాదిలో పెళ్లి చేద్దామంటున్నారు. ఇక్కడ ఇది పోలీసు కేసవుతుందని కూడా భయపెడుతున్నారు. మా ఫ్లాట్‌లో ఇంకో కుటుంబం కూడా ఉంటుంది, గట్టిగా మాట్లాడుకోవడానికి లేదు. మా పెంపకంలో ఏం తప్పు జరిగింది?
– ఒక తల్లి

జవాబు: పెంపకం సంగతి వదిలేయండమ్మా. దీనికి అది కారణం కాదు. నాకు ఆందోళనగా ఉన్నది ఆ తిండి, ఆ నిద్ర. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులూ మాత్రలూ చేతికందకుండా తీసేయండి, ఆలస్యం చేయకుండా వైద్యసాయం తీసుకోండి. అక్కడ అత్యవసర నంబరు 112.

మీ ఆయన కేసు భయం గాలిమాటేం కాదు. కువైట్‌లో 2007లో శిక్షాస్మృతి 198వ అధికరణాన్ని సవరించి, ఆడవాళ్లు మగవాళ్లలా, మగవాళ్లు ఆడవాళ్లలా కనిపించడాన్ని నేరం చేశారు. ఏడాది వరకు జైలు, వెయ్యి దినార్ల వరకు జరిమానా. దాని కింద ఎందరో వేధింపులు పడ్డాక, 2022 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. అయినా ధీమాగా ఉండలేం. నీతి పేరుతో, ఆన్‌లైన్ రాతల పేరుతో వేరే చట్టాలున్నాయి. పైగా విదేశీయుల్ని కోర్టుతో పనిలేకుండా వెనక్కి పంపే అధికారం అక్కడి హోం శాఖకుంది. కాబట్టి జాగ్రత్త అవసరమే. అయితే ఆ జాగ్రత్త బయటివాళ్ల విషయంలో. ఫోటోలు, చాటింగులు, సోషల్ మీడియా పోస్టుల గురించి నెమ్మదిగా మాట్లాడండి. ఫోన్ మాత్రం తిరిగి ఇచ్చేయండి. మనసు విప్పే స్నేహితులు ఎవరైనా ఉంటే అందులోనే ఉంటారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా పడకూడదు.

ఇక నాటు మందు. ఏ రోగానికి? 2019లో ఆమోదించిన కొత్త వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పుట్టుకతో రాసిన లింగంతో మనసు పొసగకపోవడాన్ని మానసిక రోగాల జాబితా నుంచి తీసేసింది. మన జాతీయ వైద్య కమిషన్ 2022లో, ఇలాంటివాళ్లను 'మార్చే' చికిత్స చేయడం డాక్టరుకు వృత్తిపరమైన తప్పని చెప్పింది. డాక్టర్లే చేయకూడనిది ఊళ్లో ఎవరో చేస్తారా? పెళ్లయితే మరీ అన్యాయం, ఊరూపేరూ తెలియని ఒక ఆడపిల్ల గొంతు కోసినట్టే.

నిద్ర లేమికీ దిగులుకీ మాత్రం చికిత్స ఉంది, దానికి వెళ్లండి. కాలేజీ కౌన్సెలర్‌తో మాట్లాడేముందు, చెప్పినవి ఎవరెవరికి తెలుస్తాయో అడిగి తెలుసుకోమనండి. నమ్మకం కుదరకపోతే హైదరాబాద్‌లోని సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడొచ్చు. ఇల్లు ఇరుకు కాబట్టి ఆ గంటసేపు మీరు తమ్ముళ్లనో చెల్లెళ్లనో తీసుకుని బయటికెళ్లండి. ఇండియా వచ్చినప్పుడు టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ బిడ్డ ఇంకా వెతుక్కుంటున్నాడు. ఆరు నెలలు పట్టొచ్చు, ఆరేళ్లు పట్టొచ్చు, చివరికి మగపిల్లాణ్నే అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు. ఏదో ఒకటి చెప్పమని రోజూ నిలదీయకండి. "బతుకేమవుతుంది?" అని మీ ఆయన అడిగితే, 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరిన ట్రాన్స్‌జెండర్ మహిళలు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ గురించి చెప్పండి. అదే ఏడాది నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తన హాస్టల్లో ఇలాంటి విద్యార్థులకూ చోటు కేటాయించింది.

ఊరికి పంపడం శిక్షలా ఉండకూడదు. చదువు హైదరాబాద్‌కో బెంగళూరుకో మార్చుకుంటే ఊపిరాడుతుందని తనే అంటే, ఆ ఖర్చుల లెక్క ముగ్గురూ కూర్చుని వేసుకోండి. అంతకంటే ముందు, అడక్కుండా వాళ్ల నాన్నకు చెప్పినందుకు మీ బిడ్డకు క్షమాపణ చెప్పండి. ఇకమీదట ఎవరికి చెప్పాలన్నా తననే అడిగి చెబుతానని మాటివ్వండి.