వికీ పేజీలో బొమ్మ: గీయడం, మొరాయిస్తే బాగుచేయడం



ఇదే హాస్టల్లో స్టడీ అవర్‌లో కిరణజన్య సంయోగక్రియ బొమ్మను పక్కవాడి నోట్సులోంచి దించుకున్నవాళ్లమే మేము. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనూ బొమ్మలే గీస్తున్నాం. ఇంజనీరింగ్, ఎంసీఏ చదివే మీకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ పని ఎదురుకావచ్చు. అందుకే రాస్తున్నాం.

వికీ అంటే బృందంలోని వాళ్లంతా కలిసి రాసుకుని, దిద్దుకునే పేజీలు. మొదటి వికీని 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొదలుపెట్టారు. హవాయి భాషలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థం. కంపెనీల్లో తరచు కనిపించే వికీ అట్లాసియన్ వారి కాన్‌ఫ్లుయెన్స్. అందులో బొమ్మల కోసం డ్రా.ఐఓ అనే యాడ్-ఆన్ కలుపుకుంటారు. పేజీని ఎడిట్‌లో తెరిచి, స్లాష్ గుర్తు కొట్టి, దాని పేరు టైపు చేస్తే చాలు. బాణాన్ని గడి అంచు రంగు మారేదాకా లాగి వదలండి. అప్పుడే గడిని జరిపినా బాణం వెంట వస్తుంది.

అసలు సంగతి సేవ్ చేశాక ఉంది. బొమ్మ ఆ పేజీకి రెండు ఫైళ్లుగా అంటుకుంటుంది. ఒకటి కంటికి కనిపించే పిఎన్‌జి చిత్రం. రెండోది గడులు, బాణాల వివరాలున్న ఎక్స్ఎంఎల్ ఫైలు. దాని పేరు చివర ఏ తోకా ఉండదు. మాలో ఒకడు చేరిన మూడో నెలలో పేజీ శుభ్రం చేస్తూ, ఒకే పేరు రెండుసార్లు ఉందని తోక లేనిదాన్ని తీసేశాడు. మర్నాడు టీమ్ లీడర్ దిద్దబోతే బొమ్మ తెరుచుకోలేదు. వాడింకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఇంటికి పంపేస్తారని రాత్రంతా నిద్రపోలేదు. అడగడానికి ఇంగ్లీషు కూడదీసుకోవడంలోనే ఒక రోజు గడిచింది. చివరికి చూస్తే ఆ ఫైలు ట్రాష్‌లో భద్రంగా ఉంది! ఆ స్పేస్ అడ్మిన్ రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చి ఇచ్చారు.

ఎవరైనా మీ బొమ్మను పాడుచేసి సేవ్ చేసినా కంగారు వద్దు. అటాచ్‌మెంట్ల జాబితాలో పాత వెర్షన్లు ఉంటాయి.

ఎడిటర్ తెల్లగా ఉండిపోతే ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. అక్కడ వస్తే తప్పు మీ బ్రౌజర్‌లోని ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్‌ది కావచ్చు. అక్కడా రాకపోతే ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో నెట్‌వర్క్ వాళ్లను అడగాలి. ఎడిటర్ తెరుచుకుని సేవ్ మాత్రం కాకపోతే అనుమతి చూసుకోండి. పేజీ రాసే అనుమతి వేరు, అటాచ్‌మెంట్ చేర్చే అనుమతి వేరు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఒకే బొమ్మ రెండు పేజీల్లో కావాలంటే రెండుసార్లు గీయకండి. ఎంబెడ్ సదుపాయంతో మొదటిదాన్నే చూపించవచ్చు.

సాధన చేయడానికి కాన్‌ఫ్లుయెన్స్ అక్కర్లేదు. డ్రా.ఐఓ బ్రౌజర్‌లో ఖాతా లేకుండా ఉచితంగా వస్తుంది. డెస్క్‌టాప్ రూపమైతే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ముందుగా మన మెస్‌నే గీయండి: బియ్యం బస్తా స్టోర్ రూములో దిగింది మొదలు మన కంచంలోకి వచ్చేదాకా. ఎన్ని గడులు పడతాయో మీరే చూస్తారు.