గట్టు మీది పండ్లు

నెల్లూరు నుంచి మైపాడు సముద్రం దగ్గరికి పోయే దారిలో చాలా పల్లెలున్నాయి. ఒక పక్క వరి మళ్ళు. ఒక పక్క ఇసుక నేల. గట్ల మీద తాటిచెట్లు. ఈ కథ అలాంటి ఒక పల్లెలో జరిగింది.

శ్రావణ మాసం. ముసురు పట్టి ఉంది. కోడలు సంత నుంచి వచ్చింది. సంచిలో రెండు ఆపిల్ పండ్లున్నాయి.

“అవేందమ్మే?” అంది అత్త.

“పాప నీరసంగా ఉంది గదత్తా. పండ్లు పెట్టమని నర్సమ్మ చెప్పింది. పప్పుకని దాచిన డబ్బులు వీటికే అయిపోయినాయి.”

“పండ్లు పెట్టమంది, సరే. ఆపిల్ పండ్లే పెట్టమందా?”

కోడలు మాట్లాడలేదు.

“రేపు తెల్లారి నాతో రా. గంప తెచ్చుకో,” అంది అత్త.

తెల్లవారింది. ఇద్దరూ గట్టు మీద నడిచారు. పాప కూడా వెంట వచ్చింది. రాత్రి గాలికి తాటిపండ్లు రాలాయి. పండు కనబడక ముందే వాసన వచ్చింది. పాప పరుగెత్తి ఒక పండు పట్టుకుంది. రెండు చేతులా ఎత్తలేక నవ్వింది.

కోడలు అటూ ఇటూ చూసింది.

“కొనే గతి లేక ఏరుకుంటా ఉండారని నలుగురూ అనుకోరా అత్తా?”

“మన చెట్టు కింద మన పండు ఏరుకుంటే సిగ్గెందుకమ్మే?” అంది అత్త.

అత్త మాట నిజం. పండ్లు ఏరుకోవడం పేదల పని అని కొందరు అనుకుంటారు. ఫ్రాన్సు దేశం ఎంతో దూరంలో ఉంది. అక్కడి పల్లెల్లో కూడా ఎండాకాలం చివర జనం బుట్టలు పట్టుకొని బయలుదేరతారు. దారి పక్క ముళ్ళ పొదల్లో నల్లని చిన్న పండ్లు కాస్తాయి. ఇంటిల్లిపాదీ కోసుకుంటారు. చక్కెర వేసి ఉడికించి సీసాల్లో దాచుకుంటారు. అది వాళ్ళకు పండగలాగా ఉంటుంది. మనకూ అంతే కావాలి.

ఇంటికి వచ్చి అత్త తాటిపండును నిప్పుల మీద కాల్చింది. తోలు తీసింది. పాప పీచు చప్పరించింది. మూతి అంతా పసుపు రంగు అయింది. మిగిలిన గుజ్జులో బెల్లం, బియ్యప్పిండి కలిపి రొట్టె కాల్చారు.

ఏ కాలంలో ఏ పండు?

మన తీరంలో ప్రతి కాలానికీ ఒక పండు ఉంది.

ఎండాకాలంలో సీమచింతకాయలు, జీడిమామిడి పండ్లు, తాటిముంజలు, ఈతపండ్లు వస్తాయి. తొలకరికి నేరేడు పండ్లు వస్తాయి. వానల్లో తాటిపండ్లు, వాక్కాయలు. సంక్రాంతికి రేగుపండ్లు, తేగలు.

తాటిపండు గుజ్జు పసుపు రంగులో ఉంటుంది. ఆ రంగు పదార్థం మన ఒంట్లో ‘ఏ’ విటమిన్‌గా మారుతుంది. అది కంటిచూపుకు మంచిది. జీడిమామిడి పండులో, రేగుపండులో ‘సి’ విటమిన్ ఉంటుంది. రాగి సంగటిలో, ఆకుకూరలో ఇనుము ఉంటుంది. ఆ ఇనుము ఒంటికి పట్టడానికి ‘సి’ విటమిన్ సాయం చేస్తుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అన్నంతో పాటే ఈ పండ్లు తింటే మేలు.

తాటిపండు తిన్నాక టెంకలు పారేయకండి. ఇసుక నేలలో పాతిపెట్టండి. సంక్రాంతి నాటికి తేగలు వస్తాయి. ఉడకబెట్టుకోవచ్చు. కాల్చుకోవచ్చు.

జాగ్రత్తలు

తెలియని కాయ తినకూడదు. అడవి ఆముదం గింజలు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఉమ్మెత్త కాయ, గన్నేరు కాయ విషం. పచ్చి జీడిగింజను నోటితో కొరకకూడదు. దాని జీడి తగిలితే నోరు పొక్కుతుంది. గబ్బిలం కొరికిన పండు పారేయాలి. ఏ పండైనా కడిగి తినాలి. పరాయి వాళ్ళ చెట్టయితే అడిగి కోసుకోవాలి.

కోడలు రాసిన లెక్క

మరునాడు గట్టు మీద మూడు తాటిచెట్లకు సున్నం గుర్తులు కనిపించాయి. ఇటుకల బట్టీకి చెట్లు కొనేవాడు వేసిన గుర్తులవి. కోడలి భర్త బేరం మాట్లాడాడు. ఇంట్లో అప్పు ఉంది మరి.

అత్త చెట్టు మీద చెయ్యి వేసింది. “ఇవి మీ మామయ్య నాటినవి. నేను కాపురానికొచ్చేనాటికి నా మోకాలెత్తు లేవు,” అంది.

తాటిచెట్టు కాపుకు రావడానికి 12 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. నరకడానికి ఒక్క పూట చాలు. 1990 తర్వాత మన తీరంలో రొయ్యల గుంటలు పెరిగాయి. వాటి కోసం కూడా గట్లు పోయాయి. గట్లతో పాటు చెట్లూ పోయాయి.

ఆ రాత్రి కోడలు పాప నోటు పుస్తకం తీసింది. దీపం దగ్గర కూర్చొని రాసింది.

ఎండాకాలం – ముంజలు
వానాకాలం – పండ్లు
చలికాలం – తేగలు
ఏడాది పొడుగునా – కప్పుకు ఆకు, దడికి మట్ట, తాళ్ళకు నార
అమ్మితే – ఒక్కసారి డబ్బు

భర్తకు చూపించింది. అతను రెండుసార్లు చదివాడు.

“మరి అప్పు?” అన్నాడు.

“పిడుగు పడి మొవ్వు ఎండిపోయిన చెట్టు ఒకటుంది గదా. అది ఇస్తాం. ముంజలు, తేగలు అమ్మి మిగతాది తీరుస్తాం. కాచే చెట్లు మాత్రం వద్దు.”

అతను వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించాడు. చివరికి ఎండిన చెట్టు ఒక్కటే బట్టీకి పోయింది. మిగిలిన రెండు చెట్ల మీది సున్నాన్ని వాన కడిగేసింది.

అప్పు ఇంకా ఉంది. నెల నెలా కొంచెం తీరుతూ ఉంది. పాప రోజూ పొద్దున్నే గంప తీసుకొని గట్టు వైపు పరుగెత్తుతూ ఉంది.

చెప్పండి

1. కోడలు ఎందుకు సిగ్గుపడింది? అత్త ఏమంది?
2. కోడలు రాసిన లెక్కలో ఏమేమి ఉన్నాయి?
3. మీ ఊళ్ళో నరికేసిన చెట్లు ఏవి? ఎందుకు నరికారు?

రాయండి

మీ ఊళ్ళో కొనకుండా దొరికే ఐదు పండ్ల పేర్లు రాయండి. ఏ నెలలో దొరుకుతాయో పక్కనే రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.