గుండె కవాటంలో కాల్షియం పేరుకుంటే

ఇల్లందు లాంటి బొగ్గు ఊళ్లో పెద్దవాళ్లకు ఆయాసం వస్తే అనుమానం ముందు ఊపిరితిత్తుల మీదికే పోతుంది. కానీ గుండె కవాటాన్నీ చూడాలి.

గుండెలో కవాటాలు 4. ఎడమ జఠరికకూ బృహద్ధమనికీ మధ్యనున్న కవాటానికి 3 పలుచని రేకులుంటాయి. వయసు మీదపడేకొద్దీ వాటిలో కాల్షియం పేరుకుని, అవి బిరుసెక్కుతాయి. మామూలుగా 3–4 చదరపు సెంటీమీటర్లుండే ద్వారం 1 కంటే తగ్గితే తీవ్ర సంకోచం. ఆ ఇరుకులోంచి రక్తాన్ని నెట్టీ నెట్టీ జఠరిక గోడ మందమవుతుంది. ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొస్తుంది, లక్షణాలేవీ కనబడవు. అసలు ప్రమాదం అదే. చివరికి గోడ సడలదు, బలమూ తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం మొదలవుతుంది. ఇదే గుండె వైఫల్యం. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం: ఈ మూడింటినీ కలిపి గుర్తుంచుకోండి.

ఇది వయసుతో వచ్చే జబ్బు; రుమాటిక్ జ్వరం ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం గుండెలోని మరో కవాటమైన ద్విపత్ర కవాటాన్ని. పరీక్షలకు చదివే అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

నిర్ధారణకు ఎకో పరీక్ష. పేరుకున్న కాల్షియాన్ని కరిగించే మందు లేదు, కవాటం మార్చాల్సిందే. ఛాతీ కోయకుండా రక్తనాళం ద్వారా కవాటాన్ని తొలిసారి అమర్చింది ఫ్రాన్స్ వైద్యుడు అలెన్ క్రిబియే, 2002లో. ఛాతీ కోసి అమర్చే మన దేశీయ చిత్ర కవాటం తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థది. తొలిసారి అమర్చింది 1990లో.